కరెంటు వచ్చినా తెర మీద తూకం రాని కాటా: బూట్‌తో పాటే మొదలుకావలసిన ఒక గ్రాఫికల్ ప్రోగ్రాం కేస్ స్టడీ

నేపథ్యం

వరంగల్‌కు కొద్ది దూరంలో ఉన్న ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో గత సీజన్‌లో నేను చూసిన కేసు ఇది. యజమాని అనుమతితోనే రాస్తున్నాను. మిల్లు పేరు, ఊరి పేరు, అక్కడ పనిచేసేవారి వివరాలు, పరికరాల తయారీదారుల పేర్లు వదిలేశాను. లినక్స్ ఆపరేటింగ్ సిస్టంతో నడిచే యంత్రాలను ఏర్పాటు చేయడం, అవి మొరాయించినప్పుడు కారణం వెతకడం నా వృత్తి. ఇలాంటి సమస్య ఇంకా చాలా చోట్ల వస్తోంది కాబట్టి, ఏ దశలో ఏమి ఆలోచించి ఏ నిర్ణయం తీసుకున్నానో వివరంగా రాయడం ఉపయోగపడుతుందని అనుకున్నాను.

మిల్లు ఆవరణలో వాహనాల కాటా ఉంది. పత్తి నింపుకొని వచ్చిన ట్రాక్టర్ ట్రాలీ గానీ డీసీఎం వ్యాన్ గానీ ముందు నిండుగా కాటా ఎక్కుతుంది, సరుకు దింపాక ఖాళీగా మళ్లీ ఎక్కుతుంది, ఆ రెండు తూకాల తేడాయే రైతు పత్తి బరువు. బరువు చూపే ఇండికేటర్ ఆపరేటర్ గదిలో ఆయన బల్ల మీద ఉంటుంది. బయట నిలబడిన రైతుకు అది కనిపించదు. పరకాల వైపు నుంచో నర్సంపేట వైపు నుంచో తెల్లవారకముందే బయలుదేరి, వరుసలో గంటల తరబడి నిలబడిన మనిషికి తన తూకాన్ని తన కళ్లతో చూసుకునే వీలు లేకపోవడం చిన్న లోటు కాదు. రైతులు పదేపదే అడగడంతో యజమాని కాటా ఎదురుగా గోడకు పెద్ద టీవీ బిగించి, దాని వెనక ఒక మినీ కంప్యూటర్ పెట్టించారు. అందులో డెబియన్ 12 అనే లినక్స్, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్, లాగిన్‌ను చూసుకునే లైట్‌డీఎం ఉన్నాయి. పైథాన్ భాషలో, తెర మీద బొమ్మలు గీయడానికి వాడే క్యూటీ లైబ్రరీతో రాసిన ప్రోగ్రాం ఒకటి సీరియల్ తీగ ద్వారా ఇండికేటర్ నుంచి బరువును చదివి, తెర నిండా పెద్ద అంకెల్లో చూపుతుంది. బరువు నిలకడకు రాగానే ‘కాటా నిలిచింది’ అని స్పీకర్‌లో వినిపిస్తుంది. ఆ ప్రోగ్రాం రాసింది నేను కాదు. దాన్ని రాసినవారు అందుబాటులోనే ఉన్నారు, అడిగిన మార్పులు చేసి పెట్టారు; ఈ కేసు సవ్యంగా ముగియడానికి అది కూడా ఒక కారణం.

ఎదురైన సమస్య

నన్ను పిలిచినప్పుడు ఆపరేటర్ చెప్పిన మాట ఇది: ‘సార్, కరెంటు పోయి వస్తే చాలు, టీవీల బరువు వస్తలేదు. కీబోర్డు పెట్టి బొమ్మ మీద రెండుసార్లు నొక్కితే మాత్రం మంచిగ నడుస్తది.’

ఈ రెండు వాక్యాల్లో రెండోదే నాకు ఎక్కువ పనికొచ్చింది. చేత్తో నొక్కితే ప్రతిసారీ నడుస్తోందంటే ప్రోగ్రాంలో, లైబ్రరీల్లో, తీగల్లో స్థూలమైన లోపం లేదు. మనిషి మొదలుపెట్టడానికీ యంత్రం తనంతట తాను మొదలుపెట్టడానికీ మధ్య ఏదో తేడా ఉంది, ఆ తేడా ఎక్కడుందో తేల్చడమే పని. అందుకని నేను మూడు ప్రశ్నలు రాసుకున్నాను. ప్రోగ్రాంను ఏ యూజర్ పేరున నడుపుతున్నారు, బూట్ ప్రక్రియలో (యంత్రం ఆన్ అయి సిద్ధమయ్యే క్రమంలో) ఏ క్షణాన నడుపుతున్నారు, ఆ క్షణాన దానికి ఏ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (మొదలయ్యే ప్రోగ్రాంకు పేరు పెట్టి అందించే విలువలు) అందుతున్నాయి? తర్వాత జరిగిన ప్రతి ప్రయత్నాన్నీ ఈ మూడు ప్రశ్నల ముందు పెట్టి చూశాను.

నాకంటే ముందు జరిగిన ప్రయత్నాలు

మొదట యంత్రాన్ని అమర్చినవారు ప్రోగ్రాం ఆదేశాన్ని బూట్‌లో నడిచే ఆర్‌సీ డాట్ లోకల్ అనే ఫైలులో రాశారు. డెబియన్ 12లో ఆ ఫైలు మామూలుగా ఉండదు, కానీ దాన్ని సృష్టించి నడపదగినదిగా చేస్తే సిస్టమ్‌డీ (బూట్‌నూ సర్వీసులనూ నడిపే వ్యవస్థ) పాత అలవాటును గౌరవించి దాన్ని నడుపుతుంది. అందువల్ల ఆదేశం నడిచింది, ప్రోగ్రాం వెంటనే చనిపోయింది. లాగ్‌లో క్యూటీ రాసిన సందేశం ఉంది: డిస్‌ప్లేకు కనెక్ట్ కాలేకపోయిందని ఒక వాక్యం, ఆ తర్వాత ప్లాట్‌ఫాం ప్లగిన్ ఏదీ ప్రారంభం కాలేదని, అప్లికేషన్‌ను తిరిగి ఇన్‌స్టాల్ చేస్తే సమస్య తీరవచ్చని ఇంకో వాక్యం. చదివినవారు చివరి వాక్యాన్ని పట్టుకున్నారు. క్యూటీ ప్యాకేజీలన్నీ తీసేసి మళ్లీ వేశారు. అప్పటికీ ఫలితం లేకపోవడంతో మొత్తం డెబియన్‌నే మళ్లీ ఇన్‌స్టాల్ చేశారు. రెండు రోజులు పోయాయి. అసలు కారణం మొదటి వాక్యంలోనే ఉంది.

ఎక్స్ విండో వ్యవస్థ 1984లో ఎంఐటీలో పుట్టింది, ఇప్పటికీ వాడుకలో ఉన్న దాని పదకొండో వెర్షన్ 1987లో వచ్చింది. అందులో తెరను పట్టుకొని ఉండేది ఎక్స్ సర్వర్ అనే వేరే ప్రోగ్రాం. బొమ్మ గీయాలనుకున్న ప్రతి ప్రోగ్రామూ దాని దగ్గరికి వచ్చి అడగవలసిన క్లయింట్ మాత్రమే. క్లయింట్‌కు రెండు కావాలి. ఒకటి సర్వర్ చిరునామా, అది డిస్‌ప్లే అనే వేరియబుల్‌లో సాధారణంగా :0 అని ఉంటుంది. రెండోది లోపలికి రానిచ్చే తాళంచెవి, అంటే యూజర్ హోమ్ డైరెక్టరీలోని ఎక్స్‌అథారిటీ ఫైలులో ఉండే కుకీ. ఆర్‌సీ డాట్ లోకల్ నడిచేది రూట్, అంటే సర్వాధికారాలున్న యూజర్ పేరున. అక్కడ చిరునామా లేదు, తాళంచెవి లేదు, ఆ క్షణానికి సర్వర్ మొదలై ఉంటుందన్న హామీ కూడా లేదు. నా మూడు ప్రశ్నలకూ ఇక్కడ తప్పు జవాబే వస్తుంది.

ఆ తర్వాత ఇంకొకరు వచ్చి, చెప్పిన సమయానికి పనులు నడిపే క్రాన్ జాబితా అయిన క్రాన్‌ట్యాబ్‌లో, బూట్ అయినప్పుడు నడిచే రీబూట్ వరుస రాశారు. ఈసారి సరైన యూజర్ పేరున, డిస్‌ప్లే విలువ ఇచ్చి, ముందు 30 సెకన్లు ఆగమని చెప్పి నడిపించారు. ఇది కొన్నిసార్లు పనిచేసింది, అసలు చిక్కు కూడా అక్కడే మొదలైంది. పని చేయని రోజున 30ని 60 చేశారు, తర్వాత 90 చేశారు. జర్నల్‌లో (సిస్టమ్‌డీ రాసే లాగ్‌లో) పాత బూట్ల జాబితా తీసి, క్రాన్ మొదలైన సమయాన్నీ డెస్క్‌టాప్ సెషన్ (లాగిన్‌తో మొదలై లాగౌట్‌తో ముగిసేది) మొదలైన సమయాన్నీ పక్కపక్కన రాసుకుంటే సంగతి తేటపడింది. యంత్రంలో ఉన్నది పాత హార్డ్ డిస్క్. మామూలు రీస్టార్ట్‌లో సెషన్ అర నిమిషంలోపే సిద్ధమవుతోంది. కరెంటు హఠాత్తుగా పోయి వచ్చిన తర్వాతి బూట్లలో ఒక్కోసారి నిమిషం దాటుతోంది. ఆ లోపు ప్రోగ్రాం లేస్తే దానికి సర్వర్ దొరకదు, లేదా సర్వర్ దొరికినా హోమ్ డైరెక్టరీలో ఇంకా కిందటి బూట్ నాటి కుకీయే ఉంటుంది. లైట్‌డీఎం సర్వర్‌ను మొదలుపెట్టిన ప్రతిసారీ కొత్త కుకీ తయారుచేస్తుంది కాబట్టి పాతది చెల్లదు.

ఎన్ని సెకన్లు ఆగాలన్నది ఎప్పటికీ ఊహే. వేరే పని ఎప్పుడు ముగుస్తుందో తెలియనప్పుడు గడియారాన్ని నమ్ముకుంటే, యంత్రం నెమ్మదించిన రోజున తప్పుతుంది. అది నెమ్మదించేది కూడా సరిగ్గా కరెంటు పోయి వచ్చి, కాటా మీద బండి ఉండి, అందరూ తెర వైపు చూస్తున్నప్పుడే. పైగా క్రాన్ ప్రోగ్రాంను ఒక్కసారి లేపి వదిలేస్తుంది. మధ్యాహ్నం అది కూలిపోతే మళ్లీ లేపేవారు ఉండరు.

నా మొదటి ప్రయత్నం, అది ఎందుకు చాలలేదు

ఈ కారణంతోనే నేను ముందుగా సిస్టమ్‌డీ సర్వీస్ వైపు వెళ్లాను. కూలితే తిరిగి లేపడం, లాగ్ పద్ధతిగా ఉంచడం అది చేయగలదు. సిస్టం సర్వీస్ ఫైలు రాసి, యూజర్ పేరు, డిస్‌ప్లే, ఎక్స్‌అథారిటీ అన్నీ అందులో ఇచ్చి, గ్రాఫికల్ టార్గెట్ అనే బూట్ దశ తర్వాతే మొదలుకావాలని రాశాను. రీబూట్ చేశాను. తెర మీద డెస్క్‌టాప్ వచ్చింది, ప్రోగ్రాం రాలేదు.

గ్రాఫికల్ టార్గెట్ అన్న పేరే నన్ను తప్పుదారి పట్టించింది. ఆ టార్గెట్ చేరుకోవడం అంటే లైట్‌డీఎం సర్వీస్ మొదలైందని అర్థం, అంతే. యూజర్ లాగిన్ అయ్యాడనీ, డెస్క్‌టాప్ సిద్ధమైందనీ అది చెప్పదు. నా ప్రోగ్రాం ఆ ఖాళీలో లేచి, చనిపోయి, మళ్లీ లేచి, మళ్లీ చనిపోయింది. సిస్టమ్‌డీ మామూలుగా తిరిగి లేపే ముందు సెకనులో పదో వంతు మాత్రమే ఆగుతుంది, 10 సెకన్లలో 5 సార్లు మొదలుపెట్టాక ఇక ప్రయత్నించడం మానేస్తుంది. మొదటిసారి డిస్క్ నుంచి చదివిన ఫైళ్లు రెండోసారి నుంచి మెమరీలోనే ఉంటాయి కాబట్టి ఆ అయిదు ప్రయత్నాలూ చకచకా అయిపోయాయి. డెస్క్‌టాప్ వచ్చేసరికి సిస్టమ్‌డీ నా సర్వీస్‌ను విఫలమైనదిగా గుర్తించి పక్కన పెట్టేసింది.

వ్యవధిని 5 సెకన్లకు పెంచి, ప్రయత్నాల పరిమితిని తీసేశాను. ఇప్పుడు అంకెలు వచ్చాయి, స్పీకర్ మూగబోయింది. ధ్వని సర్వర్ ఉండేది యూజర్ సెషన్‌లో. దాని సాకెట్‌ను (దానితో మాట్లాడే ద్వారాన్ని) ప్రోగ్రాం వెతికేది ఎక్స్‌డీజీ రన్‌టైం డైరెక్టరీ అనే వేరియబుల్ చూపిన చోట. ఆ వేరియబుల్ లాగిన్ సమయంలో వస్తుంది, సిస్టం సర్వీస్‌కు అందదు. దాన్ని కూడా ఫైలులో చేత్తో రాశాను, ధ్వని వచ్చింది. మరునాడు పదిహేను నిమిషాలకొకసారి తెర నల్లబడుతోందన్నారు. స్క్రీన్‌సేవర్‌ను ఆపమని ప్రోగ్రాం పంపే విన్నపం, సెషన్‌లోని ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సెషన్ బస్ ద్వారా వెళ్లాలి, ఆ చిరునామా కూడా నా సర్వీస్‌కు తెలియదు.

నాలుగో వేరియబుల్ రాయబోతూ ఆగాను. ఒక్కొక్క పుల్లా పేర్చి, లాగిన్ సెషన్ అనే ఇంటిని దాని పక్కనే మళ్లీ చేత్తో కడుతున్నానని అర్థమైంది. ఇలా చేసి నడిపించినవారు ఉన్నారు, నడుస్తుంది కూడా. కానీ తర్వాత వచ్చేవాడికి ఆ ఫైలులోని ప్రతి వరుసా ఎందుకుందో తెలియాలి, అందులో ఏ ఒక్కటి మారినా అంతా కూలుతుంది.

కేసు మలుపు తిరిగిన రోజు

అదే రోజు జరిగిన ఇంకొక సంగతి వల్ల ఈ పద్ధతిని పూర్తిగా వదిలేయాలని నిర్ణయించుకున్నాను. కరెంటు వచ్చింది, నా సర్వీస్ ఇంకా తంటాలు పడుతోంది. ఆపరేటర్ అలవాటు కొద్దీ కీబోర్డు పెట్టి ఐకాన్ మీద నొక్కాడు. ఆయన నొక్కిన ప్రోగ్రాం లేచింది, కొద్ది సెకన్లకు నా సర్వీస్ లేపినది కూడా లేచింది. రెండూ ఒకే సీరియల్ పోర్టును తెరిచాయి. లినక్స్‌లో ప్రత్యేకంగా అడ్డుకోకపోతే రెండు ప్రోగ్రాములు ఒకే పోర్టును తెరవవచ్చు. అప్పుడు వచ్చిన అక్షరాల్లో కొన్ని ఒకదానికి, మిగిలినవి రెండోదానికి పోతాయి. ఇండికేటర్ పంపిన నాలుగు అంకెల బరువులో ఒక అంకె జారిపోయి, తెర మీద మూడు అంకెల బరువు మెరిసింది.

కాటా మీద నిలబడిన రైతు అన్న మాట నాకు గుర్తుంది: ‘నిండు ట్రాలీ అంతే తూగుతదా సార్?’

ఇండికేటర్‌లో బరువు సరిగానే ఉంది, ఆపరేటర్ వెంటనే పిలిచి చూపించాడు, చీటీ మీద సరైన బరువే పడింది. అయినా ఆ తెర పెట్టింది నమ్మకం కోసం. తప్పు అంకె చూపే తెర కంటే ఏమీ చూపని తెర నయం. ఆ పూట ప్రోగ్రాంను ఆపేసి, తెరను చీకటిగానే ఉంచి, ఆపరేటర్ గది కిటికీ వైపు ఇండికేటర్‌ను తిప్పి పెట్టించి వచ్చాను.

అప్పటివరకు నేను పరిష్కరించాలనుకున్న ప్రశ్న, బూట్‌లో ఈ ప్రోగ్రాంను ఎలా మొదలుపెట్టాలి అన్నది. ఇంటికి వచ్చి చూసుకుంటే ప్రశ్నే సరిగా లేదనిపించింది. గ్రాఫికల్ ప్రోగ్రాంకు బూట్‌తో నేరుగా సంబంధం లేదు. దానికి కావలసిన తెర చిరునామా, తాళంచెవి, ధ్వని, సెషన్ బస్ అన్నీ ఒక మనిషి లాగిన్ అయినప్పుడు పుడతాయి, లాగౌట్ అయినప్పుడు పోతాయి. కాబట్టి పని రెండు ముక్కలు. బూట్ చేయవలసింది మనిషి లేకుండానే లాగిన్ కావడం వరకే. ప్రోగ్రాంను లేపవలసింది ఆ లాగిన్ వల్ల పుట్టిన సెషన్. ఇలా విడదీసిన తర్వాత ఏది ఎక్కడ రాయాలన్నది దాదాపు దానంతట అదే తేలింది.

పనిచేసిన పరిష్కారం

మొదటి ముక్క ఆటోలాగిన్, అంటే పాస్‌వర్డ్ అడగకుండా యంత్రమే లాగిన్ కావడం. లైట్‌డీఎం కాన్ఫిగరేషన్ ఫైలులో సీట్ విభాగం కింద ఆటోలాగిన్ యూజర్ పేరు ఇస్తే చాలు. ఇందులో భద్రత ప్రశ్న ఉంది, దాన్ని యజమానితో ముందే మాట్లాడాను: కీబోర్డు తగిలించిన ఎవరైనా ఆ యూజర్‌గా లోపలికి వచ్చినట్టే. అందుకని తూకం తెర కోసమే కొత్త యూజర్‌ను సృష్టించి, సుడో హక్కు (రూట్‌గా ఆదేశాలు నడిపే హక్కు) ఇవ్వకుండా, సీరియల్ పోర్టు చదవడానికి డయల్‌అవుట్ గ్రూపులో మాత్రం చేర్చాను. బిల్లులు, చీటీలు ఈ యంత్రంలో లేవు. ఉండి ఉంటే ఆటోలాగిన్‌కు ఒప్పుకునేవాణ్ని కాదు. మినీ కంప్యూటర్‌ను తాళం వేసే ఇనుప పెట్టెలో పెట్టించాము.

రెండో ముక్క సెషన్‌లో ప్రోగ్రాంను లేపడం. హోమ్ డైరెక్టరీలో కాన్ఫిగ్ ఫోల్డర్ లోపలి ఆటోస్టార్ట్ ఫోల్డర్‌లో ఒక డెస్క్‌టాప్ ఫైలు ఉంచితే, సెషన్ మొదలైనప్పుడు ఎక్స్‌ఎఫ్‌సీఈ దాన్ని నడుపుతుంది. ఆ ఫైలు షెల్ స్క్రిప్ట్ కాదు; దాని ఎగ్జెక్ వరుసలో (నడపవలసిన ఆదేశం ఉండే చోట) హోమ్‌కు బదులు టిల్డె (~) గుర్తు రాస్తే అది విడమరచబడదు, అందుకే పూర్తి పాత్ రాయాలి. ఈ ఒక్క గుర్తు దగ్గర గంటలు పోగొట్టుకున్నవారిని నేను చూశాను.

ప్రోగ్రాంను నేరుగా ఆటోస్టార్ట్‌లోనే పెట్టవచ్చు కదా అంటే, పెట్టవచ్చు, చాలా చోట్ల అది చాలు. ఇక్కడ చాలదు, ఎందుకంటే ఆటోస్టార్ట్ కూడా క్రాన్ లాగే ఒక్కసారి లేపి వదిలేస్తుంది. నాకు తిరిగి లేపే సిస్టమ్‌డీ కావాలి, కానీ సెషన్ లోపల కావాలి. అందుకు యూజర్ సర్వీస్, అంటే ఆ యూజర్ పేరున విడిగా నడిచే సిస్టమ్‌డీ చూసుకునే సర్వీస్ ఉంది. దాన్ని యూజర్ డిఫాల్ట్ టార్గెట్‌కు కట్టి ఎనేబుల్ చేస్తే మళ్లీ పాత కథే అవుతుంది. లాగిన్ కాగానే యూజర్ సిస్టమ్‌డీ లేస్తుంది, అప్పటికి దానికి డిస్‌ప్లే విలువ తెలియకపోవచ్చు. లాగిన్ లేకపోయినా యూజర్ సిస్టమ్‌డీని నడిపే లింగర్ సెట్టింగ్ పెడితే ఇంకా నష్టం, లాగిన్ కంటే ముందే బూట్‌లోనే లేస్తుంది. గ్రాఫికల్ సెషన్ టార్గెట్ అని యూజర్ స్థాయిలో ఒకటి ఉంది గానీ, అన్ని డెస్క్‌టాప్‌లూ దాన్ని లేపవు కాబట్టి దాని మీద ఆధారపడలేదు. చివరికి ఆటోస్టార్ట్ ఫైలు ఒక చిన్న స్క్రిప్ట్‌ను నడుపుతుంది. అందులో ఉన్నవి రెండే వరుసలు: ఒకటి సెషన్‌లోని డిస్‌ప్లే, ఎక్స్‌అథారిటీ విలువలను యూజర్ సిస్టమ్‌డీకి దిగుమతి చేస్తుంది, రెండోది యూజర్ సర్వీస్‌ను మొదలుపెడుతుంది. ధ్వనికీ సెషన్ బస్‌కూ కావలసినవి యూజర్ సిస్టమ్‌డీ దగ్గర ముందే ఉంటాయి. ఎక్కడా స్లీప్ (ఇన్ని సెకన్లు ఆగమనే ఆదేశం) లేదు.

డెస్క్‌టాప్ మీది ఐకాన్‌ను తీసేయలేదు. ఆపరేటర్ చేతికి అది అలవాటైంది, గాబరాలో చెయ్యి అటే పోతుంది. దాన్ని ప్రోగ్రాంను నేరుగా నడపకుండా అదే యూజర్ సర్వీస్‌ను మొదలుపెట్టమని మార్చాను. సర్వీస్ అప్పటికే నడుస్తుంటే సిస్టమ్‌డీ ఇంకొకటి లేపదు. ఆయన పదిసార్లు నొక్కినా ఒక్క ప్రోగ్రామే ఉంటుంది. దానికి తోడు ప్రోగ్రాం రాసినవారిని అడిగి రెండు మార్పులు చేయించాను. పోర్టును తెరిచేటప్పుడే తనకు మాత్రమే కావాలని ప్రత్యేకంగా తీసుకోవడం ఒకటి. ఇండికేటర్ పంపే సందేశం నిర్ణీత పొడవులో, ఆది నుంచి అంతం వరకు పూర్తిగా ఉంటేనే అంకె చూపడం, రెండు సెకన్లపాటు పూర్తి సందేశం రాకపోతే అంకెలు తీసేసి ‘కాటాతో సంబంధం లేదు’ అని చూపడం రెండోది. అంతకు ముందు తీగ ఊడినా తెర చివరి బరువునే చూపుతూ ఉండేది. తర్వాతి బండి ఎక్కినప్పుడు ముందరి బండి బరువు కనిపించే ప్రమాదాన్ని ఎవరూ గమనించలేదు.

దాని వెనకే దాగి ఉన్న ఇంకో లోపం

ప్రోగ్రాం ప్రతి బూట్‌లోనూ లేవడం మొదలైన తర్వాత కొన్ని బూట్లలో ‘కాటాతో సంబంధం లేదు’ అన్న వాక్యం వచ్చి అలాగే ఉండిపోయింది. ఇంతకుముందు కూడా ఇలా జరిగే ఉంటుంది, తెర అసలే రాని రోజుల్లో ఎవరికి కనిపిస్తుంది? యంత్రానికి రెండు యూఎస్‌బీ సీరియల్ తీగలున్నాయి. ఒకటి ఇండికేటర్‌కు, ఇంకొకటి బండికి దారి చూపే ఎర్ర, పచ్చ దీపాల పెట్టెకు. లినక్స్ వాటికి కనిపించిన వరుసలో సున్నా, ఒకటి అని సంఖ్యలు ఇస్తుంది. ఏ బూట్‌లో ఏది ముందు కనిపిస్తుందో చెప్పలేము. ప్రోగ్రాం ఎప్పుడూ సున్నా నంబరునే తెరిచేది.

ఇలాంటప్పుడు పరికరం సీరియల్ నంబరును బట్టి, పరికరాలకు పేర్లు పెట్టే యూడెవ్‌లో నియమం రాయడం మామూలు పద్ధతి. ఇక్కడ రెండు తీగల్లోనూ ఒకే సీహెచ్ 340 చిప్ ఉంది, రెండింటికీ సీరియల్ నంబరు లేదు, యంత్రం దృష్టిలో అవి కవలలు. మిగిలిన తేడా ఒక్కటే, ఏ సాకెట్‌లో గుచ్చారన్నది. లినక్స్ సీరియల్ పరికరాలకు సాకెట్ మార్గాన్ని బట్టి కూడా ఒక స్థిరమైన పేరు ఇస్తుంది. ప్రోగ్రాంలో ఆ పేరు పెట్టించాను. ఈ నిర్ణయానికి ఒక ఖరీదు ఉంది, తీగలు సాకెట్లు మారితే అంతా తారుమారవుతుంది. అందుకే కింది సాకెట్‌కూ ఇండికేటర్ తీగకూ ఒకే ఎర్ర టేపు చుట్టాను.

టీవీ ఆలస్యంగా లేచిన రోజుల్లో తెర చిన్న రిజల్యూషన్‌లో రావడాన్ని బూట్‌లో లినక్స్ కెర్నెల్‌కు ఇచ్చే పారామీటర్‌లో హెచ్‌డీఎంఐ అవుట్‌పుట్‌ను నిర్బంధంగా ఆన్ చేసి, కొలత ఇచ్చి సరిచేశాను. కరెంటు రాగానే యంత్రం తానే ఆన్ కావడం బయాస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగుల్లో) ఒక్క సెట్టింగ్.

పరీక్షించిన తీరు

ఒక్కసారి రీస్టార్ట్ చేసి చూసి బాగుందని వెళ్లిపోవడం వల్లనే ఈ కేసు ఇన్ని చేతులు మారింది. అందుకే ఆదివారం పూట, కాటా ఖాళీగా ఉన్నప్పుడు, 20 సార్లు బూట్ చేసి ప్రతిసారీ కరెంటు ఇచ్చిన క్షణం నుంచి తెర మీద బరువు వచ్చే వరకు పట్టిన సమయం రాశాను. సగం మామూలు రీస్టార్ట్‌లు, సగం ప్లగ్ లాగేసినవి. అందులోనే టీవీని ముందు ఆపి, తర్వాత ఆలస్యంగా ఆన్ చేసి, ఇండికేటర్ తీగ ఊడదీసి, బూట్ మధ్యలో మళ్లీ గుచ్చి, ప్రోగ్రాంను కావాలని చంపి చూశాను. 20 సార్లూ లేచింది. పట్టిన సమయం మాత్రం ఒకదానికొకటి చాలా తేడాగా ఉంది, ఒకసారి నిమిషంన్నర దాకా పోయింది. ఏ స్లీప్ సంఖ్య రాసినా అది సరిపోయేది కాదని ఆ కాగితమే చెబుతోంది.

ఆ పట్టిక చూపించాకే హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టమన్నాను. యజమాని మొదటి రోజే అడిగారు, డిస్క్ మారిస్తే పోతుందా అని. వద్దన్నాను. అప్పుడే మార్చి ఉంటే సెషన్ పది పదిహేను సెకన్లలో వచ్చేది, క్రాన్‌లోని 30 సెకన్ల స్లీప్ హాయిగా సరిపోయేది, నేను కూడా సమస్య తీరిందని నమ్మి వెళ్లిపోయేవాణ్ని. రెండు ప్రోగ్రాములు ఒకే పోర్టును పంచుకోవడం, తీగల సంఖ్యలు తారుమారు కావడం, ఊడిన తీగ వెనక పాత బరువు నిలిచిపోవడం అన్నీ లోపలే ఉండి, ఏ జనవరిలోనో వరుస రోడ్డు దాకా ఉన్న రోజున బయటపడేవి. యంత్రం నెమ్మదిగా ఉండడం ఇక్కడ నాకు సాయం చేసింది. కారణం దొరకకముందే యంత్రాన్ని వేగవంతం చేయడం ఇలాంటి కేసుల్లో ఆధారాన్ని చెరిపేయడమే అని ఇప్పుడు గట్టిగా అనుకుంటున్నాను. ఇదివరకు నేను కూడా ముందు డిస్క్ మార్చేవాణ్ని.

ఇంకో అలవాటు కూడా మార్చుకున్నాను. ఇలాంటి పిలుపు వచ్చినప్పుడు ఏ ఫైలులో ఏమి రాశారో చూడడం కంటే ముందు, ప్రోగ్రాంను చేత్తో నడిపిన టెర్మినల్‌లోని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌నూ, దానంతట అది నడిచినప్పటి వేరియబుల్స్‌నూ రెండు ఫైళ్లలోకి తీసి పక్కపక్కన పెడుతున్నాను. ఈ కేసులో అది చేసింది నాలుగో రోజున. మొదటి రోజే చేసి ఉంటే డిస్‌ప్లే నుంచి సెషన్ బస్ దాకా లేనివన్నీ ఒక్క చూపులో కనిపించేవి, సిస్టం సర్వీస్ దారి పట్టేవాణ్ని కాదు, ఆ మూడంకెల బరువు తెర మీద మెరిసేది కాదు.

ప్రస్తుత స్థితి

పరికరాల పెట్టె తలుపు లోపలి వైపు ఒక కాగితం అతికించాను. ఏ యూజర్, ఏ మూడు ఫైళ్లు, ఏ సాకెట్, సర్వీస్ స్థితి చూసే ఆదేశం, లాగ్ చూసే ఆదేశం, ఇవన్నీ తెలుగులో ఉన్నాయి. సంక్రాంతి తర్వాత ఒకసారి వెళ్లినప్పుడు జర్నల్ చూశాను. నేను లేనప్పుడు ప్రోగ్రాం రెండుసార్లు కూలింది, రెండుసార్లూ సిస్టమ్‌డీ దాన్ని లేపింది. కూలినట్టు ఆపరేటర్‌కు తెలియదు.

మిగిలిన పని ఒకటుంది. 2025 ఆగస్టులో డెబియన్ 13 వచ్చింది, అందులోని ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.20లో, ఎక్స్‌కు బదులుగా వచ్చిన వేల్యాండ్‌కు ప్రయోగాత్మకమైన మద్దతు ఉంది. ఈ యంత్రాన్ని సీజన్ నడుస్తుండగా ముట్టుకోనని యజమానికి చెప్పాను. ముట్టుకున్న రోజున ఎక్స్ మీదే ఉంచాలన్నది నా ఉద్దేశం; ఎప్పుడైనా వేల్యాండ్‌కు మారవలసి వస్తే ఆ చిన్న స్క్రిప్ట్‌లోని మొదటి వరుసలో వేల్యాండ్ డిస్‌ప్లే అనే వేరియబుల్‌ను కూడా చేర్చి, ఆ 20 బూట్ పరీక్షలనూ మొదటి నుంచి మళ్లీ చేయాలి. ఆ మాట కూడా కాగితం అడుగున రాసి ఉంది.